తెరకూ ఓ పాసుపుస్తకం

గట్టు ఎక్కకుండానే పొలం సర్వే నంబరు, విస్తీర్ణం పాసుపుస్తకం చెప్పేస్తుంది. చిన్న కంప్యూటర్ బోర్డుల్లో ‘డివైస్ ట్రీ’ ఫైలూ అంతే. ఏ చిప్ ఎక్కడుందో లైనక్స్‌కు చెబుతుంది.

విచిత్రమేమిటంటే, తెరను నడిపే చిప్ వివరాలు తెలియకున్నా బొమ్మ చూపించొచ్చు. 2013లో లైనక్స్‌లో చేరిన ‘సింపుల్ ఫ్రేమ్‌బఫర్’ కిటుకు అదే. బూట్‌లోడర్ ముందే సిద్ధం చేసిన మెమరీ చెక్కనే తెరగా రాసేస్తారు. చిరునామా, వెడల్పు, ఎత్తు, రంగుల తీరు, వరుసకు ఎన్ని బైట్లు... అంతే. చుక్కకు 2 బైట్ల చొప్పున 1600 చుక్కల వరుసకు 3200.

ఆ ఒక్క అంకె తప్పితే? మిర్చి చేలో ప్రతి సాలూ ముందు సాలు కంటే జానెడు పక్కకు జరిగినట్టు, బొమ్మంతా ఏటవాలుగా సాగిపోతుంది. యంత్రం ప్రశ్నించదు, రాసిందే నమ్ముతుంది. పాసుపుస్తకంలో అంకె తప్పు పడితే ఎన్ని తిప్పలో గుంటూరు, ప్రకాశం రైతులకు వేరే చెప్పాలా!