పురపాలక తీర్మానాలు - ప్రజల ఉమ్మడి ఆస్తులు : కౌన్సిల్ చర్చల ప్రాధాన్యంపై విశ్లేషణ

పురపాలక సంఘం సాధారణ సమావేశపు ఎజెండాను పరిశీలిస్తే అందులోని అంశాలు చాలా వరకు చిన్నవిగానే కనిపిస్తాయి. దినవారీ మార్కెట్‌లో ఆశీలు వసూలు హక్కుకు వేలం, దుకాణ సముదాయంలో గదుల లీజు పొడిగింపు, మంచినీటి ట్యాంకర్ల బిల్లులు, పారిశుద్ధ్య పనుల కాంట్రాక్టు కొనసాగింపు, కల్యాణ మండపం మరమ్మతులు, పార్కు స్థలంలో కొత్త నిర్మాణానికి అనుమతి వంటివే అందులో అధికం. అయితే సభ్యులు క్షణాలలో ఆమోదం తెలిపే ఒక్కొక్క తీర్మానం పట్టణ ప్రజల ఉమ్మడి ఆస్తిని, వారికి అందవలసిన సేవను ఏళ్ల తరబడి ప్రభావితం చేస్తున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈ చర్చలకు గల చట్టబద్ధ స్థానం, వాటి ఫలితాన్ని నిర్ణయించే అంశాలు ఈ సందర్భంగా పరిశీలింపదగినవి.

రాజ్యాంగ ప్రాతిపదిక

1993 జూన్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ హోదా కల్పించినది. 243-డబ్ల్యు అధికరణం, 12వ షెడ్యూలు మేరకు నీటి సరఫరా, ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, పార్కులు, ఆటస్థలాలు, వీధి దీపాలు, శ్మశాన వాటికలు సహా 18 అంశాలను రాష్ట్ర శాసనసభలు ఈ సంస్థలకు అప్పగించవచ్చును. ఇక్కడ గమనింపదగినది “అప్పగించవచ్చును” అనే పదమే. ఏ అంశాన్ని ఎంత మేరకు అప్పగించాలన్నది రాష్ట్ర చట్టాలు నిర్ణయిస్తాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1965 నాటి పురపాలక సంఘాల చట్టం, నగరాలకు 1955 నాటి హైదరాబాద్ నగరపాలక సంస్థల చట్టం, 1994 నాటి నగరపాలక సంస్థల చట్టం ఇందుకు ఆధారమయ్యాయి. తెలంగాణ రాష్ట్రం 2019లో కొత్త పురపాలక చట్టాన్ని తెచ్చినది. పట్టణాలలో పచ్చదనం కోసం బడ్జెట్‌లో 10 శాతం నిధులు ప్రత్యేకించవలెనని ఆ చట్టం నిర్దేశించినది. చట్టాలు వేరైనప్పటికీ మూలసూత్రం ఒక్కటే. కౌన్సిల్ నిర్ణయిస్తుంది, కమిషనర్ అమలు చేస్తారు, ప్రభుత్వం పర్యవేక్షిస్తుంది. చట్టవిరుద్ధమైన, అధికార పరిధిని మించిన తీర్మానాలను నిలుపుదల చేసే లేదా రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉన్నది.

ఎజెండా నుండి మినిట్స్ వరకు

సంబంధిత విభాగం సిద్ధం చేసిన ఆఫీసు నోటు కమిషనర్ పరిశీలన అనంతరం ఎజెండాలో చేరుతుంది. సమావేశంలో ఆ అంశాన్ని చదివి వినిపించిన తరువాత సభ్యులు ఆమోదం, సవరణ, వాయిదా, తిరస్కరణలలో ఒకదానిని కోరవచ్చును. వ్యతిరేకించే సభ్యులు తమ అసమ్మతిని లిఖితపూర్వకంగా నమోదు చేయించవచ్చును. ఎక్స్-అఫీషియో హోదాలో శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు కూడా చర్చలో పాల్గొంటారు.

ఈ క్రమంలో రెండు సందర్భాలు తరచు వివాదానికి దారితీస్తున్నాయి. మొదటిది, సమావేశం రోజుననే సభ్యుల ముందుంచే టేబుల్ ఎజెండా. అత్యవసర అవసరాలకు ఉద్దేశించిన ఈ వెసులుబాటును ఆస్తుల లీజు వంటి అంశాలకు వినియోగించినప్పుడు, సభ్యులు పత్రాలు చదువక ముందే అభిప్రాయం చెప్పవలసి వస్తున్నది. రెండవది, కౌన్సిల్ ఆమోదం లభించగలదన్న నిరీక్షణపై ముందుగానే పని చేయించి, అనంతరం ర్యాటిఫికేషన్ కోరడం. పైపులైను పగిలినప్పుడు, వరదలు వచ్చినప్పుడు ఇది అనివార్యం. సాధారణ పనులకు సైతం ఇదే పద్ధతి అలవాటైనచో చర్చకు మిగిలేది జరిగిపోయిన వ్యయం మాత్రమే.

ఇరవై అయిదేళ్ల నిర్ణయం

పురపాలక ఆస్తులలో అత్యధిక చర్చకు గురయ్యేవి దుకాణ సముదాయాలు. ఉమ్మడి రాష్ట్రంలో అమలులోనికి వచ్చిన లీజు నిబంధనల ప్రకారం వేలంలో పొందిన గదికి ప్రతి మూడేళ్లకు ఒకసారి అద్దెను మూడో వంతు, అనగా 33.33 శాతం పెంచి లీజును పునరుద్ధరించవచ్చును. మొత్తం వ్యవధి 25 ఏళ్లు దాటరాదు. ఆపై తిరిగి బహిరంగ వేలం నిర్వహించవలసి ఉంటుంది.

ఈ నిబంధన అంతరార్థం లెక్కలలో స్పష్టమవుతున్నది. నెలకు 1,000 రూపాయల అద్దెతో మొదలైన గది, మూడేళ్లకొకటి చొప్పున 8 సవరణలు సక్రమంగా జరిగితే 24 ఏళ్ల తరువాత దాదాపు 10,000 రూపాయల అద్దె చెల్లించవలసి ఉంటుంది. మధ్యలో ఒక్క సవరణ తప్పిపోయినా ఆ తరువాతి అద్దెలన్నీ ఉండవలసిన దానికన్న నాలుగో వంతు తక్కువగానే ఉంటాయి. “ఈ దఫా పెంపు వాయిదా” అన్న తీర్మానం ఒక్క ఏడాది రాయితీగా కనిపించినప్పటికీ, దాని భారం లీజు ముగిసే వరకు సంస్థ ఆదాయంపై కొనసాగుతుంది.

దీనికి మరొక పార్శ్వం ఉన్నది. దశాబ్దాలుగా అదే గదిపై జీవిస్తున్న చిరువ్యాపారికి వేలమంటే ఉపాధి కోల్పోయే ప్రమాదమే. సభ్యులు వారి వినతిపత్రాలను సభ దృష్టికి తేవడం సహజం, సమంజసం. అయితే లీజు పొందిన వ్యక్తి స్వయంగా వ్యాపారం చేస్తున్నారా, లేక అధిక అద్దెకు మరొకరికి ఇచ్చి తేడాను అనుభవిస్తున్నారా అన్న ప్రశ్నకు ముందుగా సమాధానం లభించవలెను. క్షేత్రస్థాయి తనిఖీ నివేదిక లేకుండా జరిగే చర్చలో నిజమైన చిరువ్యాపారికి, దళారికి మధ్య భేదం తెలియదు. కౌన్సిల్ పదవీకాలం 5 ఏళ్లు కాగా, 25 ఏళ్ల లీజు తరువాతి పాలకవర్గాలను కూడ కట్టిపడవేస్తుందన్న విషయం విస్మరింపరానిది.

ప్రభుత్వ సంస్థల కాంట్రాక్టులు సాధారణంగా బహిరంగ వేలం లేదా టెండరు ద్వారానే ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2006లో నగర్ నిగమ్ వర్సెస్ అల్ ఫహీమ్ మీట్ ఎక్స్‌పోర్ట్స్ కేసులో స్పష్టం చేసినది. నామినేషన్ పద్ధతిన కేటాయింపు కోరే ప్రతి తీర్మానాన్ని ఈ తీర్పు వెలుగులో పరిశీలించవలసి ఉన్నది.

పార్కు స్థలం ఎవరిది?

లే-అవుట్లలో ప్రజావసరాలకు విడిచిన ఖాళీ స్థలాలు ఆదాయం తెచ్చిపెట్టవు. అందువలననే అవి సులభంగా అన్యాక్రాంతమవుతున్నాయి. కొన్ని సందర్భాలలో సత్సంకల్పంతో ప్రతిపాదించిన భవనాలు సైతం ఆ స్థలాలను హరిస్తున్నాయి. 1991లో బెంగుళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో, పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రయివేటు నర్సింగ్ హోముకు ఇచ్చిన నిర్ణయాన్ని సుప్రీంకోర్టు ఆమోదించలేదు. ఆస్పత్రి ప్రజలకు ఉపయోగకరమే. అయినప్పటికీ ఒక ప్రజోపయోగం పేరిట మరొక ప్రజోపయోగాన్ని తొలగించే అధికారం పాలనాధికారులకు ఇష్టానుసారం లభించదన్నది ఆ తీర్పు సారాంశం. ఆ ప్రాంత నివాసులకు దానిని ప్రశ్నించే హక్కు ఉన్నదని కూడ న్యాయస్థానం గుర్తించినది. ఖాళీ స్థలంలో కమ్యూనిటీ హాలు, వాటర్ ట్యాంకు, కార్యాలయం వంటి నిర్మాణాలను ప్రతిపాదించే తీర్మానాలకు ఇది మార్గదర్శకం.

సేవలకు మూల్యం

పౌర సేవలపై చర్చలలో నిధుల కొరత ప్రధానంగా వినవచ్చే మాట. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పురపాలక సంఘం కేసులో 1980లోనే సుప్రీంకోర్టు, ఆర్థిక ఇబ్బందులు పారిశుద్ధ్య బాధ్యత నుండి మినహాయింపు కాజాలవని తేల్చినది. అంటే సేవ అందించాలా వద్దా అన్నది కౌన్సిల్ ముందున్న ప్రశ్న కాదు. దాని ఖర్చును ఎవరు, ఏ రూపంలో భరించాలన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న ఎంత క్లిష్టమైనదో ఆంధ్రప్రదేశ్‌లో చెత్త సేకరణ రుసుముల అనుభవం తెలియజేస్తున్నది. 2021లో ఇంటింటి చెత్త సేకరణకు వినియోగదారుల రుసుమును ప్రవేశపెట్టినప్పుడు పలు పట్టణాలలో తీవ్ర వ్యతిరేకత వ్యక్తమయినది. 2024లో ప్రభుత్వం ఆ రుసుమును రద్దు చేయాలని నిర్ణయించినది. రుసుము ప్రజలకు భారమన్న వాదన ఎంత బలమైనదో, వాహనాలు, సిబ్బంది వేతనాల వ్యయం కొనసాగుతుందన్న వాస్తవం కూడ అంతే బలమైనది. వసూలును ఆపే తీర్మానం వెంట ప్రత్యామ్నాయ వనరును చూపే తీర్మానం కూడ రావలసి ఉంటుంది. లేనిచో ఆ లోటు కార్మికుల జీతాల బకాయిలుగానో, వీధులలో పేరుకుపోయే చెత్తగానో బయటపడుతుంది.

నిధుల వినియోగంలోనూ కౌన్సిళ్ల స్వేచ్ఛ పరిమితమే. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం వంటి నిర్దేశిత సేవలకే పరిమితమైనది. 18 రాష్ట్రాలలో 74వ సవరణ అమలుపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీల సారాంశం 2024లో వెలువడినది. సగటున 17 అంశాలు చట్టరీత్యా బదిలీ అయినప్పటికీ, పూర్తి స్వయంప్రతిపత్తి లభించినవి నాలుగేనని అది పేర్కొన్నది. సొంత ఆదాయమే కౌన్సిల్‌కు నిజమైన స్వేచ్ఛను కల్పిస్తున్నది. అందుకే దుకాణం అద్దె చర్చ, వీధి దీపం చర్చ వేర్వేరు కావు.

చర్చ లేని కాలం

ఎన్నికైన కౌన్సిల్ లేనప్పుడు ఈ చర్చకే వేదిక కరువవుతున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో పాలకవర్గాల గడువు ముగిసిన తరువాత 2014 వరకు పురపాలక ఎన్నికలు జరుగలేదు. తెలంగాణలో 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగియగా ప్రత్యేకాధికారుల పాలన ఏర్పడినది. అటువంటి కాలంలో తీర్మానం ఒక్క సంతకంతో పూర్తవుతుంది. పాలన స్తంభించకపోవచ్చును. కాని వార్డు సమస్యను నిలదీసే స్వరం, అసమ్మతిని నమోదు చేసే పుట మాత్రం ఉండవు.

వార్డు స్థాయి భాగస్వామ్యం ఈ లోటును కొంత పూరించగలదు. 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాలలో వార్డు కమిటీలు ఉండవలెనని 243-ఎస్ అధికరణం నిర్దేశించినది. తెలంగాణ చట్టం ప్రతి వార్డులో యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలను ప్రతిపాదించినది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం టౌన్ వెండింగ్ కమిటీలలో వ్యాపారుల ప్రతినిధులకు కనీసం 40 శాతం స్థానం కల్పించినది. మార్కెట్ తరలింపు వంటి అంశాలు కౌన్సిల్‌కు రాకముందే ఈ కమిటీల అభిప్రాయం తీసుకున్నచో సమావేశంలో వాగ్వాదం తగ్గి విషయ చర్చ పెరుగుతుంది.

పరిశీలింపవలసిన అంశాలు

ఆస్తికి సంబంధించిన ఏ తీర్మానమైనా అర్థవంతంగా చర్చకు రావాలంటే కొన్ని వివరాలు సభ్యుల ముందు తప్పక ఉండవలెను. ఆస్తి రిజిస్టరులోని సర్వే నంబరు, విస్తీర్ణం, ప్రస్తుత అద్దె, గత సవరణ తేదీ, బకాయి మొత్తం, న్యాయస్థానాలలో ఉన్న వ్యాజ్యాలు అందులో ముఖ్యమైనవి. సేవలకు సంబంధించిన తీర్మానానికి వార్షిక వ్యయం, దానికి చూపిన పద్దు, లబ్ధి పొందే వార్డులు తెలియవలెను. పలు పట్టణాలలో ఆస్తి రిజిస్టరు అసంపూర్ణంగా ఉండటమే వివాదాలకు మూలకారణమవుతున్నది. ఏ స్థలం తనదో సంస్థకే స్పష్టంగా తెలియనప్పుడు దానిని కాపాడే తీర్మానం సాధ్యం కాదు.

సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ ప్రజాసంస్థలు తమ నిర్ణయాలను స్వచ్ఛందంగా వెల్లడించవలెనని ఆదేశిస్తున్నది. ఎజెండా, తీర్మానాలు, అసమ్మతి పత్రాలు, లీజు జాబితాలు సకాలంలో అందుబాటులోనికి వచ్చినచో పాత్రికేయులకు సమావేశంలోని గందరగోళం కన్న దాని ఫలితమే వార్త అవుతుంది. అధికారులకు సైతం ఆమోదించిన తీర్మానం అమలుకు నోచుకున్నదో లేదో చూసుకునే వీలు కలుగుతుంది. తదుపరి సమావేశంలో మొదటి అంశంగా గత తీర్మానాల అమలు నివేదికను సమర్పించడం ఇందుకు సులభ మార్గం. అదనపు నిధులు గాని, కొత్త చట్టం గాని దీనికి అవసరం లేదు.