పెళ్లి సంగతి సరే, పట్టా ఎవరి పేరున ఉంది?

ఎలక్షన్ వచ్చిందంటే చాలు, ఏ నాయకుడికి ఎన్ని పెళ్లిళ్లు, ఎవరు ఎవరితో తిరిగారు అని ఫోన్ల నిండా ఇవే వీడియోలు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ ముచ్చట్లతో మన గూడేనికి ఒక్క బోరింగైనా వచ్చిందా? ఇద్దరి ఇష్టంతో నడిచే సంసారం వాళ్ల సొంత విషయం. దాన్ని చూసి ఓటేయడమూ దండగే, ఓటు మానడమూ దండగే.

కానీ "అది నా పర్సనల్" అని తప్పించుకోకూడనివీ ఉన్నాయి. భార్యను కొడితే అది నేరం, ఇంటి గొడవ అని వదిలేయలేం.

ఏజెన్సీలో ఇంకోటీ నడుస్తోంది. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. అందుకని కొందరు ఆదివాసీ ఆడబిడ్డను చేసుకుని, ఆమె పేరున భూములు కొంటారు. రిజర్వుడు సర్పంచ్ సీటుకు ఆమెతోనే నామినేషన్ వేయించి, పెత్తనం తాము చేస్తారు. ప్రేమించి పెళ్లాడితే ఎవరికీ అభ్యంతరం లేదు. ఆమె సంతకంతో మన భూమిని, మన సీటును లాక్కుంటే మాత్రం అది ఊరందరి విషయం.

2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లే ఎమ్మెల్యే, ఎంపీ అభ్యర్థులు తమ మీదున్న కేసులు, తమ పేరున, భార్య లేదా భర్త పేరున ఉన్న ఆస్తులు అఫిడవిట్‌లో చెప్పాల్సి వస్తోంది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అది ఎవరైనా చూడొచ్చు. ఈసారి వీడియోలు ఫార్వర్డ్ చేసే ముందు ఆ కాగితం తీసి, గూడెంలో పెద్దలకు చదివి వినిపించండి. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను భూమి లెక్క అడగండి.