కాంతార చూసిన రాత్రి మేం తప్పు ప్రశ్న అడిగాం



ఇది కొంచెం పెద్ద పోస్టు. ఓపిక చేసుకుని చదవండి. ఇప్పుడు హాస్టళ్ళలో, ఊళ్ళలో యూత్ వాళ్ళు పదిమందిని కూర్చోబెట్టి సినిమా చూపించి, ఆ తర్వాత దేవుడి గురించి మాట్లాడించడం ఎక్కువైంది. అలాంటి వాటికి మేమూ పోయాం. రెండు మూడు మేమే పెట్టాం. ఒకటి బాగా చెడింది, ఒకటి బాగా జరిగింది. రెండిటి వల్లా మాకు తెలిసింది మీతో చెప్పుకోవాలని రాస్తున్నాం.

మేమంటే తొమ్మిది మందిమి. రెండు రూముల వాళ్ళం. ఐదుగురు కోయ, ఇద్దరు లంబాడా, ఒకడు గోండు, ఒకడు కొండరెడ్డి. తొమ్మిది ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. దేవుడి లెక్క చూస్తే మళ్ళీ వేరు. ముగ్గురి ఇళ్ళవాళ్ళు చర్చికి పోతారు. ఒకడు ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. మిగతా ఐదుగురి ఇళ్ళల్లో వేల్పులే. ఒకే బక్కెట్లో సాంబారు పోసుకుంటాం, ఒకరి చొక్కా ఒకరం వేసుకుంటాం. కానీ రెండేళ్ళపాటు దేవుడి మాట మాత్రం ఎవరం ఎత్తలేదు. ఎత్తితే గొడవైతదని అందరికీ లోపల తెలుసు.

2025 దసరాకు కాంతార చాప్టర్ 1 వచ్చింది కదా. సెలవుల నుంచి తిరిగొచ్చాక, 2022లో వచ్చిన మొదటి కాంతారను మళ్ళీ చూద్దామని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. రిషబ్ శెట్టి ఆ చివరి ఇరవై నిమిషాలు ఎట్లా చేశాడో మీకందరికీ తెలుసు. సినిమా అయిపోయాక ఎవరూ లేవలేదు. అప్పుడు మాలో ఒకడు అడిగాడు: "అరే, నిజంగ దేవుడు పూనుతడా, లేక నటనా?"

అంతే. ఆ ఒక్క ప్రశ్నతో పోయింది.

చర్చికి పోయే మిత్రుడు, "మా దగ్గర దాన్ని దురాత్మ అంటరు" అన్నాడు. మాల వేసేవాడు, "దురాత్మ ఏంది, పంజుర్లి అంటే వరాహస్వామే, అది మన హిందూ ధర్మం" అన్నాడు. ఇంకొకడు ఫోన్ తీసి, ఈ సినిమా వచ్చినప్పుడే కన్నడ నటుడు చేతన్ కుమార్ భూతకోల హిందూ సంప్రదాయం కాదు, అంతకంటే పాతది అన్నాడని, దానికి ఆయన మీద కేసు పెట్టారని చదివి వినిపించాడు. గొంతులు పెరిగాయి. మధ్యలో ఇద్దరు సినిమాలో దైవం అరిచే అరుపును ఎగతాళిగా అరిచారు. కారిడార్ మొత్తం నవ్వులు. మాలో అందరికంటే చిన్నవాడు, ఫస్టియర్ తమ్ముడు, దుప్పటి తీసుకుని చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు. నిద్రొచ్చిందేమో అనుకున్నాం. మర్నాటి నుంచి మూడు రోజులు మెస్సులో ఇద్దరు మిత్రులు ఒక బల్ల దగ్గర కూర్చోలేదు.

సినిమాను మళ్ళీ గుర్తు చేసుకుంటే మాకు ఒక సంగతి తట్టింది. 1970లో జరిగినట్టు చూపించే భాగంలో, రాజు వంశస్థుడు వచ్చి ఊరివాళ్ళకిచ్చిన భూమి తిరిగి ఇమ్మంటాడు. దైవం ఒప్పుకోదు. అప్పుడు అతను అడిగేది ఇదే: మాట్లాడింది దైవమా, వేషం కట్టినవాడా? అంటే మేం ఆ రాత్రి అడిగిన ప్రశ్న భూమి గుంజుకోవడానికి వచ్చినవాడి ప్రశ్న. అతనికి దేవుడు ఉన్నాడా లేడా అన్న రంది లేదు. ఎదుటివాడి మాట చెల్లదని తేల్చడమే కావాలి. మాకు కూడా ఆ రాత్రి అదే కావాలి.

తర్వాత ఒక ఆదివారం, చికెన్ తిని అందరం రూములో పడి ఉన్నప్పుడు, బలగం పెట్టాం. ఆ రోజు చర్చ పెట్టాలని అనుకోనే లేదు. 2023లో ఆ సినిమా వచ్చినప్పుడు తెలంగాణ ఊళ్ళల్లో తెరలు కట్టి చూశారు, మాలో కొందరు అట్లా చూసినవాళ్ళే. కొమురయ్య తాత చనిపోతాడు, పిట్టకు పెట్టిన కూడు కాకి ముట్టదు, ఇంటివాళ్ళు ఎప్పుడో నల్లి బొక్క దగ్గర మొదలైన పంతం విడిచేదాకా ముట్టదు. కాకి తింటే ఆత్మ శాంతిస్తుందా లేదా అని ఈసారి ఎవరూ అడగలేదు. ఒకడు మాత్రం, "మీ ఇంట్ల ఎవరన్న పోయినప్పుడు ఏం చేసిండ్రు?" అన్నాడు.

మొదట మాట్లాడింది చర్చికి పోయే మిత్రుడే. వాళ్ళ తాత చివరిదాకా వేల్పుల మనిషి. ఆయన దినాలనాడు ముద్ద పెట్టమని పెద్దలు అంటే, పెట్టొద్దని వాళ్ళ అమ్మ ఏడ్చిందట. వీడు అటూ ఇటూ కాకుండా చింతచెట్టు కింద నిలబడ్డాడట. "తాతకు ముద్ద పెట్టలేదని ఇప్పటికీ కలలొస్తయ్ రా. కానీ మా అమ్మ మంచాన పడ్డప్పుడు వారం వారం వచ్చి పక్కన కూసున్నది పాస్టరయ్య ఒక్కడే. నేను ఎవరిని కాదనాలె?" అన్నాడు. రెండేళ్ళు వాడి పక్క మంచం మీద పడుకున్న మాకు ఈ మాట తెలియదు.

ఆదిలాబాద్ గోండు మిత్రుడు కేస్లాపూర్ గురించి చెప్పాడు. పుష్యమాసం అమావాస్య నాగోబా జాతరకు మెస్రం వంశం వాళ్ళు కాలినడకన పోయి గోదావరి నీళ్ళు ఎట్లా తెస్తారో, కొత్త కోడళ్ళను దేవుడికి ఎట్లా పరిచయం చేస్తారో. దాన్ని భేటింగ్ అంటారు. "మాకు బలగం అంటే అదే. దేవుని ముందట అందరు కూడాలె" అన్నాడు.

చివరికి ఫస్టియర్ తమ్ముడు నోరు విప్పాడు. "అన్నా, మా నాయన వడ్డె. వేల్పు పండుగకు మా నాయన మీదికే వస్తది. అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తి కూలి అని రాసిన. ఆ రోజు మీరు అరిచింది మా నాయన అరుపే."

ఎవరం తల ఎత్తలేదు. అరిచిన ఇద్దరిలో ఒకడు లేచి వాడి పక్కన వచ్చి కూర్చున్నాడు. సారీ లాంటిదేమీ చెప్పలేదు. కాసేపటికి, "వేల్పు వచ్చినప్పుడు మీ నాయన ఏం చెప్తడు?" అని అడిగాడు. ఆ రాత్రి రెండు గంటలదాకా వాడు చెప్తూనే ఉన్నాడు, మేం వింటూనే ఉన్నాం.

ఇక మేం చెప్పదలచుకున్న మాట. సినిమా పెట్టి దేవుడి గురించి మాట్లాడుకోవడం మంచిదే, మనకు అవసరం కూడా. కానీ సినిమాను ఎర చేయకూడదు.

ఎర అంటే ఏమిటో మీకు తెలుసు. సినిమా ఫ్రీ, చివర బిర్యానీ ఫ్రీ, ఆఖరున ఒకాయన లేచి జవాబు చెప్తాడు. ఆ జవాబు సినిమా మొదలవకముందే ఆయన జేబులో ఉంటుంది. ఇలాంటి వాటిలో రెండు రకాలకూ మేం పోయాం. ఒకదాంట్లో చివర ప్రార్థన, ఇంకోదాంట్లో చివర నినాదం. రెండింట్లోనూ మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. 1978లో వచ్చిన కరుణామయుడు సినిమాను రీళ్ళు పట్టుకుని ఊరూరా తిప్పి తెర కట్టి చూపించారని మా పెద్దవాళ్ళు చెప్తారు. విజయచందర్‌ను తెర మీద చూసి ఏడ్చినవాళ్ళు మా ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. దాన్ని మేం తప్పు పట్టడం లేదు. తన నమ్మకాన్ని చెప్పుకునే హక్కు ఎవరికైనా ఉంది. కానీ అది ప్రచారం, చర్చ కాదు. ప్రచారం చేసేవాళ్ళు ప్రచారమని చెప్పి పిలవాలి. చర్చకు రమ్మని పిలిస్తే పిలిచినవాడు కూడా తెలుసుకోవడానికే రావాలి.

"హాస్టల్లో ఇవన్నీ ఎందుకు, చదువుకోక" అని ఒక సీనియర్ అన్న అన్నాడు. ఆయన భయం మాకు అర్థమైంది. కానీ మాట్లాడకుండా ఉన్న రెండేళ్ళు మేం కలిసి ఉన్నట్టు కాదు. ఒక తమ్ముడు తండ్రిని దాచుకున్నాడు, ఒక మిత్రుడు తాతను దాచుకున్నాడు. ఇంకో సంగతి కూడా ఉంది. 2027 జనగణన వస్తోంది. 2011లో మతం గడిలో ఆరు మతాలకే కోడ్ ఉంది. మిగతా ఏ మతమైనా మనం పేరు చెప్తే రాసుకోవాలి. అందుకే సర్నా మతానికి వేరే కోడ్ కావాలని జార్ఖండ్ అసెంబ్లీ 2020 నవంబరులో తీర్మానం చేసింది. రేపు మన గుమ్మంలోకి వచ్చి అడిగితే మన అమ్మ ఏమని చెప్తుంది? మన ఇంట్లో మనమే ఒకసారి కూడా మాట్లాడుకోకపోతే, రాసేవాడికి తోచింది రాసుకుపోతాడు. ఇంకొకటి, మతం మారితే ఎస్టీ పోతుందని భయపెట్టే ఫార్వర్డులు ఈ గ్రూపులోకి కూడా వస్తున్నాయి. 1950 ఉత్తర్వులో మతం షరతు ఉన్నది ఎస్సీలకు, ఎస్టీలకు లేదు. మార్చాలని అడిగేవాళ్ళు ఉన్నారు, అది వేరే సంగతి. ఈ తేడా తెలియక మనలో మనమే కొట్టుకుంటున్నాం.

"సినిమావాళ్ళకు మన గురించి ఏం తెలుసు, అవి చూసి ఏం మాట్లాడతాం" అని కొందరంటారు. నిజమే. ఎన్నో సినిమాల్లో మనమంటే ఆకులు కట్టుకుని, మనిషిని స్తంభానికి కట్టి బలిచ్చేవాళ్ళమే. కానీ ఆ తప్పును కూడా మాట్లాడటానికి వాడుకోవచ్చు. పుష్ప 2లో అల్లు అర్జున్ చీర కట్టిన జాతర సీను రీల్స్‌లో చూడనివాడు లేడు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు అలా ఆడవేషం కట్టడం మొక్కు అని మాకు సినిమా వచ్చాకే తెలిసింది. అది చూసి, మేడారంలో సమ్మక్క విగ్రహంగా కాక చిలుకలగుట్ట మీద నుంచి కుంకుమ భరిణెగా ఎందుకొస్తుంది అని ఒక లంబాడా తమ్ముడు మమ్మల్ని అడిగాడు. మేం కోయవాళ్ళమై ఉండి సరిగ్గా చెప్పలేకపోయాం. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు అవ్వను అడిగి తెలుసుకుని వచ్చాం. సినిమా అబద్ధమే కావచ్చు, మేం అవ్వ దగ్గరికి పోయింది మాత్రం దానివల్లే.

సంక్రాంతి తర్వాత కాంతారను మళ్ళీ పెట్టాం. మొత్తం కాదు, ఆ 1970 భాగం ఒక్కటే. ఈసారి ప్రశ్న మార్చాం: "మీ దేవుడు ఏ నేల మీద ఉన్నడు? ఆ నేల ఇప్పుడు ఎవరి చేతుల ఉన్నది?" కొండరెడ్డి మిత్రుడిది ప్రాజెక్టు ముంపు ఊరు. కాలనీలో ఇల్లొచ్చింది, అమ్మవారి చెట్టు మాత్రం పాత ఊళ్ళోనే మిగిలింది అన్నాడు. పోడు భూమికి పట్టా రానివాళ్ళు మాట్లాడారు. చర్చికి పోయేవాళ్ళు కూడా ఆ రోజు మా దేవుడు, మీ దేవుడు అనలేదు. భూతకోల కట్టే నలికె, పరవ, పంబద కులాలవాళ్ళ గురించి చదివాం. సినిమా ఆడాక కర్ణాటక ప్రభుత్వం అరవై దాటిన దైవ నర్తకులకు నెలకు 2000 రూపాయలు ఇస్తామని ప్రకటించిందని తెలిసింది. మన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పాడిన కథలు మనలో ఎంతమంది విన్నాం?

మీరూ చేయాలనుకుంటే మేం పాటిస్తున్నవి ఇవి. పదిమందికి మించొద్దు. సినిమా మొత్తం వద్దు, పదిహేను నిమిషాలు చాలు. ఏ మతం సినిమా అయినా సరే, ప్రశ్న మాత్రం "మీ ఇంట్లో" అని మొదలవ్వాలి. "నిజమా, అబద్ధమా" అని అడగొద్దు. ఎప్పుడూ మాట్లాడనివాడికి ముందు మాట ఇవ్వండి, వద్దంటే బలవంతపెట్టొద్దు. ఎవరూ ఎవరినీ మారమని అడగొద్దు, ఎగతాళి చేయొద్దు. ఫోన్లు లోపల పెట్టండి. అక్కడ ఏడ్చినవాడి వీడియో రీల్ అయితే మళ్ళీ ఎవడూ నోరు విప్పడు. చివర ఎవరూ ముగింపు ఉపన్యాసం ఇవ్వొద్దు. టీ తాగి లేవండి.

మాకు ఇరవై ఏళ్ళు. దేవుడు ఉన్నాడా, ఎట్లా ఉన్నాడు అని తేల్చేంత చదువు మాకు లేదు. తొమ్మిది మందిమి ఇప్పటికీ తొమ్మిది రకాలుగానే ఉన్నాం. మాల వేసేవాడు వేస్తున్నాడు, చర్చికి పోయేవాడు పోతున్నాడు. కానీ మొన్న స్కాలర్‌షిప్ రెన్యువల్ ఫారం నింపేటప్పుడు ఫస్టియర్ తమ్ముడు తండ్రి వృత్తి దగ్గర ఆగాడు. "కూలి, వడ్డె అని రెండూ రాయొచ్చా అన్నా?" అని అడిగాడు. రాయమన్నాం. గడి చిన్నది, అయినా పట్టింది.

మీ ఊళ్ళల్లో, హాస్టళ్ళల్లో ఇలాంటివి జరిగి ఉంటే కింద రాయండి. చెడిపోయినవి కూడా రాయండి.

జోహార్.