ముసలి పెట్టకు బలం మందు

పద్యాలను విడిచి పంతులుగారు కోళ్ళ వెంట పడ్డారేమని నవ్వుకోకండి. పెంకులోనుండి రెండవమారు పుడుతుంది గనుకనే పక్షిని ద్విజమన్నారు పెద్దలు. విషయం మరీ అపండితమేమీ కాదు.

మా పెరటిలో నాలుగేళ్ళ నాటుపెట్ట ఒకటి ఉన్నది. మొన్నటి వేసవిలో తోలుగుడ్లు పెట్టసాగింది. మందుల కొట్టతను ఒక టానిక్కు సీసా చేతిలో పెట్టి, "రోజూ నీళ్ళలో పది చుక్కలు వేయండి మాస్టారూ, మళ్ళీ పడుచుపెట్ట అవుతుంది" అన్నాడు. నెల తిరిగేసరికి సీసా అయిపోయింది. పెట్ట మాత్రం పడుచుది కాలేదు.

తరువాత నాలుగు పుస్తకాలు తిరగేస్తే నా తెలివితక్కువతనం తెలిసివచ్చింది. ఒక్క గుడ్డు పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పది చుక్కలలో అది ఎక్కడనుండి వస్తుంది? వయసు మీరినకొద్దీ గుడ్డు పెద్దదవుతుంది, పెంకుకు పట్టే సున్నపు పదార్థం ఆ మేరకు పెరగదు. పేగులు దానిని గ్రహించే శక్తీ సన్నగిల్లుతుంది. పెంకు కట్టడానికి సుమారు 20 గంటలు పడుతుంది. అందులో చాలాభాగం రాత్రివేళ, మేత లేనప్పుడు. అప్పుడు చాలనిది పెట్ట తన ఎముకలనుండి తీసి పెడుతుంది. దధీచి అడిగితే ఇచ్చాడు. దీనిని అడిగినవారు కూడా లేరు. నేను గుడ్డు కోసం విచారపడుతున్నాను, అది అస్థులు కరిగించుకుంటున్నది!

అందుచేత నా అభిప్రాయం ఇది. ముసలి పెట్టకు అదనపు పోషణ ఇవ్వవలసిందే, కానీ గుడ్ల లెక్క పెంచడానికి కాదు. ఆ లెక్క ఏటేటా తరిగేదే, ఏ పొడీ దానిని వెనుకకు తిప్పలేదు. పెంకూ, ఎముకా నిలుస్తాయి, అంతే. అందుకు ఖరీదైన సీసాలు అక్కరలేదు. ఆల్చిప్పలను బరకగా నలగగొట్టి పెట్టండి. మెత్తని పొడి త్వరగా జారిపోతుంది, బరక ముక్కలు కందనకాయలో నిలిచి రాత్రంతా మెల్లగా కరుగుతాయి. మేతలో మాత్రం కలపకండి. పెరటిలో పిల్లలుంటే అధిక కాల్షియం వాటి మూత్రపిండాలను చెరుపుతుంది. వేరే చిప్పలో ఉంచితే ఎవరికి కావలసింది వారే తింటారు. ఎండ తగలనివ్వండి, విటమిన్ డి అక్కడిదే. ఈకలు రాల్చే రోజులలో కాస్త చేపపొడి వేయండి. మునగాకు పెడితే సొనకు రంగు వస్తుంది. రంగునే బలమనుకోవడం మన భ్రమ. వేసవిలో రొప్పే కోడికి పెంకు పలుచనవుతుంది. నీడా చల్లని నీళ్ళూ ఏ టానిక్కుకన్నా మేలు.

"కోసుకు తినక ఈ సేవలేమిటి?" అని పొరుగువారు అడుగుతూనే ఉన్నారు. పెద్ద ఫారాలవారికి వారి లెక్కలు వారికున్నాయి, కాదనను. నా పెరటికి ఆ లెక్క తేవలసిన పని నాకు కనబడలేదు.

ఇప్పుడు అది వారానికి ఒకటో రెండో పెడుతున్నది, గట్టి పెంకుతో. సాయంకాలం చిప్ప దగ్గరకు తానే వచ్చి నాలుగు ముక్కలు ఏరుకొని గంప క్రిందికి పోతుంది. గుడ్డు లేని రోజులలో వాటిని అంతగా ముట్టదు.