ఆయాసానికి పేరు పెట్టడానికి ఇన్నేళ్లా?

మిరప కల్లంలో ఆయాసమొస్తే ఘాటన్నారు. జిన్నింగు మిల్లులో ఆయాసమొస్తే దూది ధూళి అన్నారు. ఆడమనిషికొస్తే రక్తం తక్కువన్నారు. నలభై దాటితే వయసన్నారు. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఆయాసానికి ఇన్ని పేర్లున్నాయి. అసలు పేరు చెప్పేవాళ్లే కరువయ్యారు. మేమడిగేది ఒక్కటే. తన జబ్బు పేరు తెలియకుండానే పోవడం కూడా ఈ కూలీల తలరాతేనా?

మేం మాట్లాడుతున్నది పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ గురించి. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదిది. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు రక్తం మోసే ధమనులు గట్టిపడి సన్నబడతాయి. ఆ సన్నని దారిలోకి రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె కుడిభాగం ఉబ్బి అలిసిపోతుంది. మొదట మెట్లెక్కితే ఆయాసం. తర్వాత నాలుగడుగులేస్తే ఆయాసం. ఆనక కాళ్ల వాపు, కళ్లు తిరిగి పడిపోవడం. అరుదైన జబ్బే. కానీ మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువ. చేతి బీపీ చూస్తే మామూలే. స్టెతస్కోపు పెడితే పిల్లికూతలుండవు. కళ్లె పరీక్షలో టీబీ లేదు. 'ఏం లేదులేమ్మా' అని పంపించేస్తారు.

ఈ ఆలస్యం మన పల్లెలదే కాదు. 1980లలో అమెరికా రిజిస్ట్రీ లెక్క తీస్తే, లక్షణాలు మొదలయ్యాక జబ్బు తేలడానికి సగటున 2 ఏళ్లు పట్టింది. సరైన మందుల్లేని ఆ రోజుల్లో, తేలాక సగం మంది 3 ఏళ్లు కూడా బతకలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 2002-03లో ఫ్రాన్సు లెక్క చూస్తే ఆలస్యం 27 నెలలు! నలుగురిలో ముగ్గురు జబ్బు బాగా ముదిరాకే తేలారు. ఉబ్బసం ముద్ర పడినవాళ్లకు, 36 ఏళ్లలోపు వాళ్లకు ఆలస్యం ఇంకా ఎక్కువని ఆ తర్వాతి అమెరికా లెక్క చెప్పింది. అన్నీ ఉన్న దేశాల గతే అది. మరి టిక్కీలు మోసే హమాలీ, కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే ఆడకూలీ, కోతలకు వలసొచ్చిన కుటుంబం గతేంటి?

ధూళి వల్లే ఈ జబ్బొస్తుందని మేమనడం లేదు. ధూళి, పొయ్యి పొగ ఊపిరితిత్తుల్ని పాడుచేసి ఆ ఒత్తిడిని పెంచొచ్చు. అది వేరే రకం, దాని వైద్యమూ వేరే. రుమాటిక్ జ్వరంతో కవాటాలు చెడినా ఒత్తిడి పెరుగుతుంది. రక్తం గడ్డలు అడ్డుపడితే వచ్చే రకానికి ఆపరేషన్ కూడా ఉంది. అందుకే రకం తేల్చాలి. తేల్చకుండా ఒకరి మందు ఇంకొకరికిస్తే మేలు మాట అటుంచి కీడే జరగొచ్చు. మా కోపమల్లా కనిపించే ధూళిని చూసి, కనిపించని గుండెను వెతకడం మానేసిన అలవాటు మీద.

వెతకడం అంత కష్టమా? గొట్టం పీల్చినా, రక్తం మాత్రలు మింగినా తగ్గని ఆయాసానికి ఒక ఎకో తీయాలి. అనుమానముంటే కుడిగుండెలోకి సన్నని గొట్టం పంపి ఒత్తిడి కొలవాలి. సగటు ఒత్తిడి 20 దాటితే జాగ్రత్తపడాలని 2022 యూరప్ మార్గదర్శకాలు చెప్పాయి. సిల్డెనాఫిల్, టడలాఫిల్, బోసెంటన్, ఆంబ్రిసెంటన్ మన దేశంలోనే తయారవుతున్నాయి. జబ్బును తుడిచిపెట్టవు, కానీ నడిపిస్తాయి. అవి నెలనెలా కొనాల్సిన మందులు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది ప్రధానంగా ఆసుపత్రిలో చేరే పెద్ద వైద్యానికి. కూలి డబ్బుతో బతికే ఇంట్లో నెలనెలా మందు ఎవరు కొనాలి?

ఉమ్మడి రాష్ట్రంలో పెద్ద వైద్యాన్ని చాలామటుకు హైదరాబాదులోనే పోగేశారు. 2014లో రాష్ట్రం రెండైంది. 2016లో గుంటూరు పెద్దాసుపత్రిలో గుండె మార్పిడే జరిగింది. 2019లో మంగళగిరి ఎయిమ్స్‌లో ఓపీ మొదలైంది. గుండెనే మార్చగలిగిన ఊరికి ఆయాసం పేరు చెప్పడం చేతకాదా? చేతనవుతుంది. యర్రగొండపాలెం నుంచి గుంటూరు వంద కిలోమీటర్ల పైమాటే. ఆ దూరాన్ని కూలి పోగొట్టుకుని రోగే ఎందుకు నడవాలి? ఒక్క చోట పోగేసిన తప్పును ఇంకో చోట మళ్లీ చేస్తారా?

మా డిమాండ్లు చిన్నవే. రెండు నెలలైనా తగ్గని ఆయాసానికి ఎకో తప్పనిసరి చేయాలి. ఏరియా ఆసుపత్రుల్లో వారానికో రోజైనా ఎకో తీసే మనిషిని కూర్చోబెట్టాలి. అనుమానం తేలినవాళ్లను చీటీ రాసి కాదు, బండెక్కించి పెద్దాసుపత్రికి పంపాలి. గర్భం ఈ జబ్బున్న తల్లికి ప్రాణగండం. కాబట్టి ఆయాసమన్న గర్భిణిని రక్తం తక్కువని సరిపెట్టి పంపొద్దు. నెలనెలా మందులు ప్రభుత్వమే ఇవ్వాలి.

మిర్చి పంటకు రోజూ ధర కడతారు. ఆ పంట కోసిన మనిషి ఊపిరికి ధర ఎప్పుడు కడతారు? ఉద్యోగులారా, విద్యార్థులారా! మీ ఇంట్లో, మీ వాడలో నెలల తరబడి తగ్గని ఆయాసముంటే ఊరుకోకండి. 'ఎకో తీశారా?' అని అడగండి. తీసేదాకా అడగండి.