జబ్బు తగ్గింది... తిమ్మిరి మిగిలింది!

మూలకణ మార్పిడి అయింది. రక్తకణాల లెక్క కుదుటపడింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. తీరా చూస్తే జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి వేళ్లు సహకరించవు. కాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలియదు. 'నీరసంలే, నాలుగు రోజుల్లో అదే తగ్గుతుంది' అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. నీరసం కాదది, నరాలు దెబ్బతిన్న గుర్తు కావచ్చు.

రక్తక్యాన్సర్లకు వాడే విన్‌క్రిస్టిన్ మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చిన మందే. కణంలోని సన్నటి గొట్టాల్లాంటి నిర్మాణాలను దెబ్బతీసి, క్యాన్సర్ కణం రెండుగా చీలకుండా అడ్డుపడుతుంది. చిక్కేమిటంటే, నరాలు తమకు కావలసిన సరకును చివరిదాకా మోసుకెళ్లేది ఆ గొట్టాల మీదుగానే. అందుకే వేలికొసల్లో, పాదాల్లో ముందుగా తిమ్మిరెక్కుతుంది. మైలోమాకు ఇచ్చే బోర్టెజోమిబ్, థాలిడోమైడ్‌లతోనూ ఇదే బాధ. కొందరికి మందు ఆపాక కూడా కొన్ని వారాలు పెరుగుతుంది.

చెబితే చికిత్స ఆపేస్తారేమోనని చాలామంది దాచేస్తారు. నిజానికి మోతాదు తగ్గించవచ్చు, ఇచ్చే పద్ధతి మార్చవచ్చు. బోర్టెజోమిబ్‌ను రక్తనాళంలోకి కాకుండా చర్మం కింద ఇస్తే ఈ బాధ తక్కువని 2011లోనే తేలింది.

వేరొకరి కణాలు ఎక్కించుకున్నవారి సంగతి ఇంకొంచెం జటిలం. వాళ్లు వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్‌లతో చేతులు కాస్త వణకడం మామూలే. కానీ ఉన్నట్టుండి విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, తికమక, ఫిట్స్ వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. బీపీ పెరిగి మెదడు వెనుక భాగం వాచి ఉండొచ్చు. దీన్ని 'ప్రెస్' అంటారు. త్వరగా గుర్తించి బీపీని అదుపుచేసి, మందు మారిస్తే చాలామంది కోలుకుంటారు. అలాగని ఆ మాత్రలు సొంతంగా మానేస్తే మరో ముప్పు. ఎక్కించిన కణాలు ఒంటిమీదే తిరగబడతాయి.

మార్పిడి జరిగిన తొలి వారాల్లో, పొద్దున తిన్న టిఫినేమిటో గుర్తులేకపోతే నవ్వి ఊరుకోవద్దు. నిద్రాణంగా ఉన్న వైరస్ నిద్రలేచి మెదడుకు సోకినా ఇలాగే ఉంటుంది.

స్పర్శ తగ్గినవారు స్నానం నీళ్ల వేడిని పాదంతో చూడకూడదు, ఇంట్లోవాళ్ల చేత చూపించుకోవాలి. రాత్రిళ్లు అరికాళ్లు పరీక్షించుకోవాలి. ఇక మందుల షాపులో అడిగి బీ6 మాత్రలు మింగేవాళ్లూ ఉన్నారు. మోతాదు మించితే ఆ బీ6 కూడా నరాలను దెబ్బతీస్తుంది.