గీత తప్పిన కాఫీ

మొన్న అరకు వెళ్ళి వస్తూ ఒక దుకాణంలో కాఫీ కప్పు కొన్నాను. దానిమీద కెఫీన్ అణునిర్మాణం ముద్రించి ఉంది. చూడముచ్చటగా ఉన్నది. ఇంటికి వచ్చి తీరికగా పరికిస్తే, అది కెఫీన్ కాదు! తయారీదారు పేరు ఇక్కడ అనవసరం.

ఆరు భుజాల వలయమొకటి, ఐదు భుజాల వలయమొకటి ఒక భుజాన్ని పంచుకొంటే కెఫీన్‌కు చట్రం ఏర్పడుతుంది. అందులో నాలుగు నత్రజని పరమాణువులు. వాటిలో మూడింటికి తలా ఒక మిథైల్ సమూహం తోకలా అంటుకొని ఉంటుంది. నా కప్పుమీద తోకలు రెండే. ఆమ్లజనిని మోసే రెండు కర్బనాల నడుమ ఉన్న నత్రజని బోసిగా మిగిలింది. రసాయనశాస్త్రం తెలిసినవారు అక్కడ ఉదజని ఉన్నదనుకొని చదువుతారు. అలా చదివితే అది థియోబ్రొమీన్, అంటే కోకో గింజలలోని పదార్థం. ఆ తోక ఉండి, ఐదు భుజాల వలయంమీది తోక ఊడితే థియోఫిలిన్, ఉబ్బసానికి వాడే మందు.

"అలంకారానికి వేసిన బొమ్మే కదా, ఇంత రభస దేనికి?" అని మిత్రులు అడగవచ్చు. అలంకారమే కావాలంటే కాఫీ కొమ్మనో, ఎర్రని పండునో గీయవచ్చు, ఎవరూ కాదనరు. అణుచిత్రం అలంకారం కాదు, లిపి. దీర్ఘం ఎగిరిపోయి 'మేడ' కాస్తా 'మెడ' అయితే మనం ఊరుకుంటామా? అచ్చుతప్పని వెంటనే వ్యాఖ్య రాయమూ? అక్కడ గుడి, సుడి ఎంతో ఇక్కడ గీత అంతే.

చిత్రకారుని స్వేచ్ఛకు నేను అడ్డు చెప్పను. రంగులు, గీతల మందం, బొమ్మ వాలు ఆయన ఇష్టం. కెఫీన్‌ను అద్దంలో ప్రతిబింబంలా తిప్పి గీసినా కెఫీనే. గ్లూకోజును అలా తిప్పితే మాత్రం మన శరీరం ఇంధనంగా వాడుకోలేని వేరే పదార్థమవుతుంది. ఎక్కడ స్వేచ్ఛ ఉన్నదో, ఎక్కడ లేదో తెలియాలి. అణుచిత్రాలను ఎలా గీయాలో ఐయుపాక్ సంస్థ 2008లో సిఫారసులు ప్రచురించింది. పబ్‌కెమ్‌లో సరైన బొమ్మ ఉచితంగా దొరుకుతుంది. పోల్చి చూడడానికి ఐదు నిమిషాలు చాలు.

రుంగె 1819లో కాఫీ గింజలనుండి కెఫీన్‌ను వేరుచేశాడు. దాని నిర్మాణం తేలడానికి ఆ శతాబ్దమంతా పట్టింది. ఆ కుటుంబపు పదార్థాలమీద చేసిన కృషి కూడా ఎమిల్ ఫిషర్‌కు 1902లో నోబెల్ బహుమతి రావడానికి ఒక కారణం. ఆ గీతలు ఊరికే రాలేదు.

ఇంకొక మాట. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ కొండలలో పండినదానికే ఆ పేరు చెల్లాలని దాని అర్థం. మిరియాల తీగలు పాకిన చెట్ల నీడలో గిరిజన రైతు పండిన పండునే ఏరి కోస్తాడు. పచ్చికాయ కలిస్తే రుచి చెడుతుంది. ఆయన పంటపేరు చెప్పుకొని అమ్మే వస్తువుమీద, ఆయన చూపినపాటి శ్రద్ధ మనం చూపనక్కరలేదా?

మీలో బొమ్మలు గీసేవారుంటే ఒక్క విన్నపం. కర్బనానికి నాలుగు బంధాలు, నత్రజనికి మూడు, ఆమ్లజనికి రెండు. అచ్చుకు పంపేముందు ఒక్కసారి లెక్కపెట్టండి. కెఫీన్ అయితే తోకలు కూడా. మూడు ఉండాలి.